చొక్కా, హారం, చేతిరుమాలు

ఒకరి మేలు చూసి ఓర్వలేనివాణ్ణి గురించి మన తెలుగువారు ‘కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు’ అంటారు. రోజూ వాడే మాటే గాని, కాస్త ఆగి చూస్తే ఇందులో ఒక సత్యం ఇమిడి ఉంది. నిప్పులు పడింది పొరుగువాని కళ్ళలో కాదు, ఓర్వలేనివాని కళ్ళలోనే. అసూయ ఇతరుల ఇల్లు కాల్చడానికి ముందు అసూయపరుని చూపును కాలుస్తుంది. చూపు చెడిన తర్వాత అతనికి ఉన్నది లేనట్టూ, లేనిది ఉన్నట్టూ కనిపించడం మొదలవుతుంది. మహాభారతంలోని మయసభ ఘట్టం మనకందరికీ తెలిసినదే. నన్నయ తెలుగు చేసిన సభాపర్వంలో దుర్యోధనుడు పాండవుల సంపద చూసి కుమిలిపోయే ఘట్టం అది. అతడు నేలను నీరనుకొంటాడు, నీటిని నేలనుకొని మడుగులో పడతాడు. అక్కడ మోసపుచ్చింది మయుని పనితనమే కావచ్చు. కాని చదివేవారికి అది దుర్యోధనుని చూపు గురించి కూడా చెబుతుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత ఊరకే పుట్టలేదు.

సాహిత్యంలో అసూయను గురించి రాసేవారు సాధారణంగా దాని వేడిని వర్ణిస్తారు: ఎంత ద్వేషం, ఎంత ఆవేదన, ఎంత రక్తపాతం. నేనిక్కడ పరిశీలించదలచినది వేరు. అసూయకు ఎప్పుడూ ఒక సాక్ష్యం కావాలి. సాక్ష్యం లేకుండా అది నలుగురిలో తల ఎత్తలేదు. నిజమైన సాక్ష్యం దొరకదు గనుక ఏదో ఒక చిన్న వస్తువును పట్టుకొని దానిచేత అబద్ధం పలికిస్తుంది. దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాలో అటువంటి వస్తువు ఒక చొక్కా. షేక్‌స్పియర్ రాసిన ‘ఒథెల్లో’ నాటకంలో ఒక చేతిరుమాలు. మదీనా చరిత్రలో ఒక హారం. వీటిలో మొదటిదీ చివరిదీ సత్యంతో, క్షమతో ముగిశాయి. నడిమిది శవాలతో ముగిసింది. ఈ తేడా ఎందుకు వచ్చింది? ఒకచోట మనుషులు ఎక్కువ ప్రేమించారనీ, మరొకచోట తక్కువ ప్రేమించారనీ కాదు. చేతికి వచ్చిన సాక్ష్యాన్ని ఎలా చదివారన్న దానిలోనే తేడా ఉంది. ఈ వ్యాసం చెప్పదలచిన విషయం ఇంతే.

దైవవాణినీ, దైవప్రవక్త (స) గృహంలో జరిగిన సంఘటననూ ఒక మానవ రచనతో సమానం చేయడం నా ఉద్దేశ్యం కాదు. వెలుగులో నిలబడి చూస్తే చీకటి స్వరూపం బాగా తెలుస్తుంది. ఆ మేరకే ఈ పోలిక.

హసద్, గైరత్

ముందుగా పదాల సంగతి. తెలుగులో అసూయ, ఈర్ష్య అన్న మాటలను మనం ఒకదాని బదులు మరొకటి వాడేస్తుంటాం. ఇస్లామీ నీతిశాస్త్రంలో ఇవి వేరువేరు అరలలో ఉన్నాయి. అల్లాహ్ మరొకరికి ఇచ్చిన భాగ్యం వారినుండి తొలగిపోవాలని కోరడం హసద్. అది వారికి ఉండనీ, నాకూ కలగనీ అని ఆశించడం గిబ్తా. మొదటిది నిషిద్ధం, రెండవది తప్పు కాదు. ధనాన్ని సత్యమార్గంలో వెచ్చించేవానినీ, తనకు లభించిన జ్ఞానం ప్రకారం తీర్పు చెబుతూ దానిని ఇతరులకు నేర్పేవానినీ చూసి తప్ప ఇంకెవరినీ చూసి అసూయపడరాదన్న భావం గల హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. అక్కడ హసద్ అన్న మాటకు గిబ్తా అనే అర్థమని పండితులు వివరించారు.

మూడవది గైరత్. తన పవిత్ర బంధానికి పరాయివాని వల్ల మచ్చ రాకూడదన్న ఆరాటం అది. ఉర్దూ మాట్లాడే మన ఇళ్ళలో గైరత్ గలవాడు అంటే మెచ్చుకోలు. ఆ మెచ్చుకోలుకు ఆధారం లేకపోలేదు. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తన భార్యతో పరపురుషుణ్ణి చూస్తే కత్తితో నరుకుతానన్నప్పుడు, సఅద్ గైరత్ చూసి ఆశ్చర్యపడుతున్నారా, అతనికన్నా నాకూ, నాకన్నా అల్లాహ్‌కూ ఎక్కువ గైరత్ ఉన్నదన్న భావంతో దైవప్రవక్త (స) పలికారు. కాని ఈ హదీసును చెప్పుకొనేవారు దీనితోపాటు వచ్చిన మరో మాటను తరచు విడిచిపెడతారు. అటువంటి స్థితిలో కూడా నలుగురు సాక్షులను తెచ్చేదాకా ఆగవలసిందేనా అని సఅద్ (రజి) అడిగితే, ఔనన్నారు దైవప్రవక్త (స). గైరత్‌ను కాదనలేదు, సాక్ష్యాన్ని మాఫీ చేయనూ లేదు. అబూదావూద్, నసాయీ గ్రంథాలలోని మరో హదీసు ఇంకా స్పష్టంగా గీత గీస్తున్నది: అనుమానానికి తగిన ఆధారం ఉన్నచోట కలిగే గైరత్ అల్లాహ్‌కు ఇష్టం, ఏ ఆధారమూ లేనిచోట కలిగే గైరత్ ఆయనకు అసహ్యం.

మనసులో అసూయ మెదలడమే మహాపాపమని ఇస్లాం అనలేదు. దైవప్రవక్త (స) ఒక సతీమణి ఇంట ఉండగా మరొక సతీమణి గిన్నెలో భోజనం పంపారు. ఇంట ఉన్న ఆమె, తెచ్చిన సేవకుని చేతిమీద కొట్టగా గిన్నె కిందపడి పగిలింది. దైవప్రవక్త (స) ఆ పెంకులు ఏరి, ఒలికిన ఆహారం పోగుచేసి, మీ తల్లికి రోషం వచ్చిందని అక్కడివారితో అన్నారు. పగిలిన గిన్నె ఆ ఇంటిలోనే ఉంచి, దాని బదులు మంచి గిన్నె ఇప్పించి పంపారు. రోషాన్ని అర్థం చేసుకున్నారు, నష్టాన్ని మాత్రం తీర్పించారు. అసూయ గిన్నె దగ్గర ఆగితే సంసారం నిలుస్తుంది. ఫలఖ్ సూరాలో శరణు కోరవలసింది అసూయపడేవాడు అసూయపడినప్పటి కీడునుండి అని ఉన్నది. ఆ చివరి మాట కారణంగానే మనసులో మెదిలిన దానికీ, చేతికి వచ్చిన దానికీ పండితులు తేడా చూపారు.

మూడుసార్లు కనిపించే చొక్కా

యూసుఫ్ సూరాను దివ్యఖుర్ఆన్ అత్యుత్తమ గాథగా పేర్కొన్నది (12:3). అది అసూయతోనే మొదలవుతుంది. యూసుఫ్ (అలైహి), ఆయన తమ్ముడు తండ్రికి ఎక్కువ ప్రియమైనవారని అన్నలు కుమిలిపోతారు. తాము బలమైన జట్టు అయి ఉండి కూడా తండ్రి తమను గుర్తించలేదని వారి బాధ (12:8). ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. యూసుఫ్ (అలైహి) తమ సొత్తు దోచుకున్నాడని వారు అనలేదు. అతనికి దక్కిన ప్రేమంతా తమ వాటాలోంచి తరిగిందని అనుకున్నారు. తండ్రి ప్రేమను వారు కొలిచి పంచే ధాన్యంలా చూశారు. పైగా ఈ పని కానిచ్చి ఆ తర్వాత మంచివాళ్ళమై పోదామని కూడా మాట్లాడుకున్నారు (12:9). నేరానికి ముందే పశ్చాత్తాపాన్ని ఏర్పాటు చేసుకోవడం మానవ స్వభావంలో ఎంత లోతైన లోపమో, అది ఒక్క వాక్యంలో బయటపడింది.

బాలుణ్ణి తమతో పంపమన్నప్పుడు యాఖూబ్ (అలైహి) తోడేలు తినేస్తుందేమోనని భయం వెలిబుచ్చారు (12:13). సాయంత్రం ఏడుస్తూ వచ్చిన కొడుకులు ఆ తోడేలు కథనే తిప్పి చెప్పారు. అబద్ధమాడేవాడు ముడిసరుకును తన ఇంటినుంచి తెచ్చుకోడు. వినేవాని భయంలోంచే తీసుకుంటాడు. ఈ సంగతి గుర్తుంచుకుంటే చేతిరుమాలు కథ మనకు తేలికగా అర్థమవుతుంది.

వారు తెచ్చిన చొక్కామీద నెత్తురున్నది, ఆ నెత్తురు అబద్ధం (12:18). చొక్కా ఎక్కడా చిరగలేదని తఫ్సీర్ గ్రంథాలు చెబుతున్నాయి. బాలుణ్ణి తిని చొక్కాను మాత్రం చెక్కుచెదరకుండా విడిచిన తోడేలు ఎంత మర్యాద గలదో! యాఖూబ్ (అలైహి) దుఃఖంతో ఉన్నారు, అయినా చొక్కాను చదివారు. ఇది మీ మనసులు మీకు అందంగా కల్పించి చూపిన సంగతి అన్న భావంతో కొడుకులతో అన్నారు. అయినా వారిని శపించలేదు, తరిమివేయలేదు. తనకు తెలిసినంత మాత్రమే అన్నారు, తెలియనిదానికి చక్కని సహనాన్ని ఆశ్రయించారు.

చొక్కా రెండవసారి అజీజ్ ఇంటిలో కనిపిస్తుంది. ఆ ఇల్లాలు నింద మోపగానే ఆమె బంధువులలోనే ఒకరు పరీక్ష చెప్పారు: చొక్కా ముందు చిరిగితే ఆమె మాట నిజం, వెనుక చిరిగితే అతని మాట నిజం (12:26-27). పరువు మంటలో ఉన్న భర్త ఆ క్షణాన కత్తి దూయలేదు. చొక్కా చూశాడు, వెనుక చిరిగి ఉన్నది, సత్యం ఒప్పుకున్నాడు. ఆ తర్వాత నిదర్శనాలు చూసి కూడా యూసుఫ్ (అలైహి)ను చెరసాలకు పంపారన్నది వేరే చేదు నిజం (12:35). సాక్ష్యం తేలినా పెద్దింటి పరువు కోసం నిర్దోషి శిక్ష అనుభవించడం ఆనాటితో ఆగలేదు.

మూడవసారి చొక్కా ఈజిప్టు నుండి వస్తుంది. తండ్రి ముఖంమీద వేయగానే ఏడ్చి ఏడ్చి పోయిన చూపు తిరిగి వస్తుంది (12:96). ఒకే రకం వస్తువు మొదట అబద్ధం చెప్పింది, తర్వాత నిజం చెప్పింది, చివరకు స్వస్థత ఇచ్చింది. చొక్కాలోని ఈ మూడు నిదర్శనాలను పూర్వ వ్యాఖ్యాతలు ప్రత్యేకంగా గుర్తించారు.

నేను ఇంకొక మార్పును గుర్తుచేస్తాను. కథ మొదట అన్నలు తండ్రికి అతడు మాకంటే ప్రియుడు అనుకున్నారు. చివర, అల్లాహ్ నీకు మాపై ప్రాధాన్యమిచ్చాడని ఒప్పుకున్నారు (12:91). తండ్రి పక్షపాతమని తోచినదాన్ని దైవప్రసాదమని గుర్తించిన క్షణాన వారి అసూయ తెగింది. నడుమ ఎన్నో ఏళ్ళు గడిచినా అది తెగలేదు. తమ్ముని మూటలో పాత్ర దొరికినప్పుడు కూడా, వీని అన్న సైతం దొంగేనని నోరు జారారు (12:77). కాలం అసూయను మాన్పదు. ఎవరి వాటా ఎవరు ఇచ్చారో తెలుసుకోవడమే మాన్పుతుంది.

ఇయాగోకు ఇమామ్ గజాలీ ఇచ్చే సమాధానం

ఇక ‘ఒథెల్లో’. ఇటాలియన్ రచయిత చింథియో 1565లో ప్రచురించిన కథల సంపుటినుంచి షేక్‌స్పియర్ ఇతివృత్తం తీసుకున్నాడు. నాటకం 1604 నవంబరులో ఇంగ్లండు రాజాస్థానంలో ప్రదర్శితమైంది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1600లో, మొరాకో సుల్తాను అహ్మద్ అల్ మన్సూర్ పంపిన రాయబారి లండనులో కొన్ని నెలలు ఉన్నాడు. ఆ మూరుల పెద్దమనిషి జ్ఞాపకం నాటకకర్తను కదిలించి ఉండవచ్చునని కొందరు విమర్శకులు భావించారు. నాటకంలోని ఒథెల్లో మూరే అయినా క్రైస్తవ మతం పుచ్చుకున్నవాడు. వెనిస్ సైన్యాధిపతిగా తురుష్కులపై పోరాటానికి సైప్రస్ వెళ్తాడు. కనుక అతణ్ణి మనవాడని వెనకేసుకొని రావలసిన పని లేదు, పరాయివాడని తోసిపుచ్చవలసిన పని కూడా లేదు.

అతని కింద పనిచేసే ఇయాగోకు ఉపసేనాని పదవి దక్కలేదు, కాసియోకు దక్కింది. అదొక కారణం. తన భార్యకు ఒథెల్లోతో సంబంధం ఉన్నదన్న పుకారు మరొక కారణమంటాడు. ఆ పుకారు నిజమో కాదో తెలియదనీ, అయినా నిజమన్నట్టే వ్యవహరిస్తాననీ తానే చెప్పుకుంటాడు. కాసియో జీవితంలోని అందం తనను వికారంగా చూపుతున్నదని కూడా అంటాడు. ఇన్ని కారణాలు చెప్పేవాని దగ్గర అసలు కారణం లేదని గ్రహించి, ఆంగ్ల కవి, విమర్శకుడు కోలరిడ్జ్ దీన్ని హేతువు లేని దుష్టత్వంగా, హేతువుకోసం వెతుకులాడే దుష్టత్వంగా వర్ణించాడు. ఆ వర్ణన ప్రసిద్ధికెక్కింది. కాని అది వర్ణనే, వివరణ కాదు.

1111లో మరణించిన ఇమామ్ గజాలీ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ మూడవ భాగంలో, మనిషిని నాశనం చేసే గుణాల చర్చలో, అసూయకు ఏడు కారణాలు చెప్పారు. శత్రుత్వం, తన స్థాయి తగ్గుతుందన్న బాధ, అహంకారం, నావంటివానికి ఇంత భాగ్యమా అన్న విస్మయం, కోరినది చేజారుతుందన్న భయం, ఆధిపత్య వాంఛ మొదటి ఆరు. కోరినది చేజారే భయానికి ఆయన ఇచ్చిన ఉదాహరణలలో తల్లిదండ్రుల హృదయంలో చోటుకోసం పోటీపడే సోదరులున్నారు. యూసుఫ్ సోదరులు ఈ తరగతికి చెందుతారు. ఏడవ కారణం ఆత్మలోని చెడుతనం. ఈ తరగతివానికి పదవి అక్కరలేదు, ధనం అక్కరలేదు. అల్లాహ్ దాసునికి మేలు జరిగిందని వింటే చాలు, అది తన ఖజానాలోంచి పోయినట్టు బాధపడతాడు. మిగతా కారణాలు వచ్చిపోయేవి గనుక వాటికి చికిత్స ఉన్నదనీ, ఇది స్వభావంలోనే ఉన్నది గనుక దీని చికిత్స కష్టమనీ ఇమామ్ అంటారు. ఇయాగో మొదట ఆధిపత్య వాంఛతో వచ్చినట్టు కనిపిస్తాడు. కాసియో పదవి పోయి అది తనకే దక్కిన తర్వాత కూడా అతడు ఆగలేదు. కోరినది చేతికి వచ్చాక కూడా ఆగని అసూయ ఏడవ తరగతిదే. షేక్‌స్పియర్‌కు అయిదు వందల ఏళ్ళ ముందే ఈ పాత్ర మనస్తత్వం మన గ్రంథాలలో విశ్లేషించబడి ఉన్నదన్నది గర్వానికి కాదు, ఉపయోగానికి గుర్తుంచుకోవాలి.

చేతిరుమాలు

ఇయాగోది హసద్. ఒథెల్లోది గైరత్. నాటకంలోని ఘోరమంతా మొదటిది రెండవదాని తలుపు తట్టడంలో ఉన్నది. ఒథెల్లో సహజంగా అనుమానపు మనిషి కాడు. అతనిలోని ఆత్మాభిమానాన్ని కదిపితే చాలునని ఇయాగో పసిగట్టాడు. యూసుఫ్ సోదరులు తండ్రి భయంలోంచి తోడేలును తీసుకున్నట్టే, ఇతడు డెస్డిమోనా తండ్రి బ్రబాన్షియో కోపంలో పలికిన మాటను తీసుకున్నాడు. తండ్రిని వంచించి పెళ్ళాడినది నిన్ను కూడా వంచించగలదన్న ఆ హెచ్చరికను ఒథెల్లో చెవిలో కొత్తగా వేశాడు. తర్వాత ప్రత్యక్ష నిదర్శనం కావాలని ఒథెల్లో గద్దించాడు. ఆ కోరిక న్యాయమైనదే. కాని అతని చేతికి వచ్చినది ఏమిటి? భార్య పోగొట్టుకున్న చేతిరుమాలు మరొకరి దగ్గర ఉండటం. అది అక్కడికి ఎలా చేరింది, ఎవరు తీశారు, ఎవరు వేశారు అని అతడు ఆరా తీయలేదు. కాసియో నవ్వుతూ మాట్లాడుతుంటే దూరంగా దాక్కొని చూశాడు. ఆ నవ్వు బియాంకా అనే మరో స్త్రీని గురించినది. మాటలు వినకుండా నవ్వును మాత్రం చూసినవాడు తనకు కావలసిన మాటలను తానే నింపుకున్నాడు.

అజీజ్ ఇంటిలోని సాక్షి అడిగిన ప్రశ్న చూడండి: చొక్కా చిరిగిందా అని కాదు, ఎటు చిరిగింది అని. సైప్రస్ కోటలో అటువంటి ప్రశ్న అడిగేవారు లేకపోయారు. రుమాలు తీసి భర్తకిచ్చింది ఇయాగో భార్య ఎమీలియా. డెస్డిమోనా వెతుకుతున్నప్పుడు ఆమె తెలియదన్నది. అంతా అయిన తర్వాత నిర్భయంగా నిజం చెప్పింది, అందుకు ప్రాణమిచ్చింది. ఆమె చివరి ధైర్యం గొప్పదే. కాని ఒక పగటి ముందు పలికి ఉంటే రెండు ప్రాణాలు నిలిచేవి, ఆమెదీ నిలిచేది. సాక్ష్యాన్ని దాచడం హృదయానికి అంటే పాపమని మన గ్రంథం ఎందుకన్నదో (2:283) ఈ పాత్ర వల్ల తెలుస్తుంది.

అన్నింటికన్నా ముఖ్యం, నిందితురాలికి నింద ఏమిటో చెప్పనేలేదు. చంపడానికి మంచం దగ్గర నిలబడ్డాకే పేరు పెట్టి చెప్పాడు. కాసియోను పిలిచి అడగమని ఆమె వేడుకుంటే, అతడు చచ్చాడన్నాడు. అతడే ఫిర్యాదీ, అతడే ఖాజీ, అతడే తలారి. చంపుతూ కూడా తాను న్యాయం చేస్తున్నాననే అనుకున్నాడు. సైప్రస్‌లో దిగిన దగ్గరనుంచి ఈ హత్యదాకా గడిచిన కాలం సుమారు ఒకటిన్నర రోజేనని విమర్శకులు లెక్కగట్టి, ఇంత జరగడానికి ఆ కాలం ఎలా చాలిందని చర్చించారు. నాకు తోచేది, అది నాటకంలో లోపం కాదు. ఆధారం లేని గైరత్‌కు అంతకన్నా ఎక్కువ సమయం ఇస్తే అది చల్లారిపోతుంది. తొందరే దాని ప్రాణం.

నాటకం చివర ఒథెల్లో తన ప్రేమలో వివేకం లేదు గాని ప్రేమకు లోటు లేదని చెప్పుకొని ఆత్మహత్య చేసుకుంటాడు. 1904లో బ్రాడ్లీ వంటి విమర్శకుడు అతణ్ణి మహోదాత్త నాయకునిగానే చూశాడు. 1927లో ఇలియట్, 1937లో లీవిస్ దీన్ని ఒప్పుకోలేదు. అతడు తన బొమ్మను తానే అందంగా దిద్దుకుంటున్నాడన్నారు. ఈ వివాదంలో మనం ఎటు నిలబడాలో సందేహం అక్కరలేదు. కత్తి పట్టినవాడు తన ప్రేమను గురించి చెప్పే మాటలు విని, ఊపిరాడక చచ్చినదాని మాట మరచిపోవడం సాహిత్య రసికత అనిపించుకోదు.

హారం

ఇప్పుడు మదీనాకు వద్దాం. బనీ ముస్తలిఖ్ దండయాత్ర నుండి తిరిగివస్తూ విడిది చేసిన చోట హజ్రత్ ఆయిషా (రజి) హారం తెగి పడిపోయింది. ఆమె దానికోసం వెదకబోయారు. ఆమె లోపలే ఉన్నారనుకొని ఖాళీ అంబారీని ఒంటెమీదికి ఎత్తి దండు సాగిపోయింది. వెనుక వచ్చిన హజ్రత్ సఫ్వాన్ (రజి) ఆమెను చూసి, తన ఒంటెమీద ఎక్కించి, తాను ముక్కుతాడు పట్టి నడిచి దండులో చేర్చారు. జరిగింది ఇంతే. అబ్దుల్లా బిన్ ఉబయ్ నోట అది అపనింద అయింది. ఇతనికీ ఒక పదవి చేజారి ఉన్నది. దైవప్రవక్త (స) మదీనాకు రాకముందు ఆ ఊరివారు ఇతనికి కిరీటం పెట్టబోయారనీ, అది దక్కకపోవడం గొంతులో అడ్డం పడిందనీ హదీసు గ్రంథాలలోనే ఉన్నది.

ఒక సేనానాయకుడు, పదవి దక్కని అసూయపరుడు, నిందపడిన భార్య, పోయిన ఒక చిన్న వస్తువు. పరిస్థితి అంతా సైప్రస్ కోటను పోలినదే. మరి ఏం జరిగింది? సుమారు నెల గడిచింది. ఆ నెల దైవప్రవక్త (స)కు ఎంత భారమో ఊహించలేము. అయినా ఆయన విచారించారు. హజ్రత్ అలీ (రజి)ని, ఉసామా (రజి)ను సంప్రదించారు. ఇంటి పరిచారిక బరీరా (రజి)ను అడిగారు. ఆమె చెప్పగలిగిన తప్పు ఒక్కటే: చిన్న వయసు, పిండి కలిపి నిద్రపోతుంది, మేక వచ్చి తినేస్తుంది. ఏ మహానాటకకర్తా కల్పించలేని సహజమైన సాక్ష్యమిది. వేదికమీద నిలబడి తన ఇల్లాలిని గురించి మంచి తప్ప తనకేమీ తెలియదని ప్రకటించారు. చివరకు ఆమె దగ్గర కూర్చుని, నింద ఏమిటో ఆమె ముఖంమీదే చెప్పి, నిర్దోషివైతే అల్లాహ్ వెల్లడిస్తాడనీ, తప్పు జరిగితే పశ్చాత్తాపపడమనీ అన్నారు. డెస్డిమోనాకు దక్కని హక్కు అదే.

అప్పుడు ఆయిషా (రజి) ఏమన్నారు? తనకూ వారికీ యూసుఫ్ తండ్రి ఉదాహరణ తప్ప మరొకటి దొరకడం లేదన్నారు. కన్నీళ్ళు ఇంకిపోయిన ఆ స్థితిలో యాఖూబ్ పేరు కూడా గుర్తురాలేదని చెప్పిన కథనాలున్నాయి. కాని అబద్ధపు నెత్తురున్న చొక్కా ముందు ఆ వృద్ధుడు పట్టిన సహనం గుర్తుకు వచ్చింది. గాథలు ఎందుకు అన్న ప్రశ్నకు ఇంతకు మించిన సమాధానం నాకు తెలియదు. ఒక సూరా ఒక నిర్దోషికి ఆ గడియలో నిలబడే చోటు ఇచ్చింది.

మరొక సాక్షిని మరువరాదు. దైవప్రవక్త (స) సతీమణులలో తనకు దీటుగా నిలిచినది జైనబ్ బిన్తె జహష్ (రజి) అని ఆయిషా (రజి)యే చెప్పారు. అసూయపడటానికి ఎవరికైనా కారణం ఉంటే ఆమెకే. జైనబ్ (రజి) సొంత చెల్లెలు హమ్నా అక్క పక్షాన అనుకొని పుకారును మోసింది. కాని దైవప్రవక్త (స) అడిగినప్పుడు జైనబ్ (రజి) తన చెవినీ కంటినీ కాపాడుకుంటానని, ఆమెను గురించి మంచి తప్ప తనకు తెలియదని చెప్పారు. ఒక్క మాట మింగితే చాలు, పోటీ తీరిపోయే సమయమది. ఆమె మింగలేదు. దైవభీతి ఆమెను కాపాడిందని ఆ పోటీదారే నోరారా చెప్పి లోకానికి అందజేశారు. ఎమీలియా నిజం హత్య తర్వాత వచ్చింది. జైనబ్ (రజి) నిజం అడగగానే వచ్చింది.

తర్వాత నూర్ సూరా వాక్యాలు అవతరించాయి. వినగానే విశ్వాసులు తమవారిని గురించి మంచిగా ఎందుకు తలచలేదని నిలదీశాయి (24:12). నలుగురు సాక్షులు లేని నిందను అబద్ధంగా నిర్ణయించాయి (24:13). భర్తకు తన మాట తప్ప వేరే సాక్ష్యం లేకపోతే ఏం చేయాలన్నదీ అదే సూరాలో ఉన్నది: అతడు ప్రమాణం చేస్తాడు, ఆమె కూడా ప్రమాణం చేస్తుంది, ఆమె ప్రమాణం ఆమెపై శిక్షను తొలగిస్తుంది (24:6-9). వారిద్దరూ విడిపోతారు, అంతే. ఆ త్రాసులో స్త్రీ మాట పురుషుని మాటతో సరితూగింది. సైప్రస్ కోటలో డెస్డిమోనా ప్రమాణానికి ఆ బరువు లేకపోయింది.

మన ఇళ్ళలో

అనుమానంతో భార్యను చంపిన వార్త ఇవాళ్టి పత్రికలలో చూస్తూనే ఉన్నాం. చంపనివారు కూడా తిట్లతో, దెబ్బలతో, ఆవేశంలో పలికిన తలాఖ్‌తో అదే పని చేస్తున్నారు. చేతిరుమాలు ఇప్పుడు సెల్‌ఫోన్ రూపంలో వచ్చింది: ఎవరిదో ఒక నెంబరు, ఎవరో పంపిన ఒక ఫోటో. తీసినవారు ఎవరు, పంపినవారు ఎవరు, వారికేం కావాలి అని అడిగేవారు తక్కువ. పైగా ఈ పనికి గైరత్ అని పేరు పెట్టుకుంటాం. హదీసు దాన్ని అల్లాహ్‌కు అసహ్యమైన గైరత్ అన్నది. ఆ పేరు మార్చే అధికారం మనకు లేదు.

మగవారినే అనడం న్యాయం కాదు. తోడికోడళ్ళ మధ్య, అన్నదమ్ముల మధ్య, ఒకే సంస్థలో పనిచేసేవారి మధ్య, ఆ మాటకొస్తే పండితుల మధ్య కూడా చొక్కాకు నెత్తురు పూసేవారున్నారు. ఒకే గమ్యంకోసం ఒకే ఇరుకు దారిలో నడిచేవారి మధ్యనే అసూయ పుడుతుందని ఇమామ్ గజాలీ అన్నారు. వర్తకుడు వర్తకుణ్ణి చూసి అసూయపడతాడు గాని పండితుణ్ణి చూసి కాదు. దైవజ్ఞానంలో మాత్రం ఎందరు నడిచినా ఇరుకు లేదు. ఒకరికి దక్కినది మరొకరికి తరగదు. యూసుఫ్ సోదరులకు చివర తెలిసివచ్చినది ఇదే.

‘ఒథెల్లో’ను చదవవద్దని నేననను. తప్పక చదవాలి. ప్రశ్న అడిగే సాక్షి ఒక్కరూ లేని ఇల్లు ఎలా కూలుతుందో అంత నిజంగా చూపిన నాటకాలు తక్కువ. చదివిన తర్వాత యూసుఫ్ సూరాను మరొకసారి తెరవాలి. ఇంటికి ఎవరైనా ఒక చొక్కా పట్టుకొని ఏడుస్తూ వచ్చిన రోజున, నెత్తురుకన్నా ముందు చిరుగును వెతికే చూపును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక.